ఏ పాటలోనైనా ఇమిడే బేస్ గిటార్‌ను ఎంచుకోవడం ఎలా

బేస్ గిటార్ కొనడానికి వెళ్లినవాళ్ల కన్ను ముందు నాబ్‌ల మీద పడుతుంది. ఆరు నాబ్‌లు, రెండు స్విచ్‌లు కనిపిస్తే ఇందులో లేని సౌండ్ ఉండదనిపిస్తుంది. తీరా కొన్నాక వాడుకలో మిగిలేవి రెండో మూడో సెట్టింగులు. ఫెండర్ కంపెనీ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కు ఉన్నవి రెండే నాబ్‌లు, ఒకటి వాల్యూమ్, రెండోది టోన్. సోల్ సంగీతం నుంచి పంక్ రాక్ దాకా అది దూరని చోటు లేదు. కాబట్టి అన్నిటికీ పనికొచ్చే బేస్‌ను గుర్తుపట్టే కొలతలు వేరే ఉన్నాయి. నాబ్‌లన్నీ పూర్తిగా తెరిచి ఉంచినప్పుడు దాని అసలు సౌండ్ బాగుండాలి. కుడిచేతిని ఓ నాలుగు వేళ్ల దూరం జరిపితే ఆ సౌండ్ స్పష్టంగా మారాలి. నెక్ మీద, అంటే తీగలను నొక్కే పొడవాటి భాగం మీద, ప్రతి స్వరం దాదాపు ఒకే బలంతో పలకాలి. ఈ మూడూ ఎలా పరీక్షించాలో వరుసగా చూద్దాం.

1. ముందు మీకేం కావాలో కాగితం మీద పెట్టండి

రాబోయే ఏడాదిలో మీరు వాయించబోయే పాటలు ఓ పది రాసుకోండి. ఒక్కోదాని పక్కన మూడు సంగతులు రాయండి: అన్నిటికన్నా కింది స్వరం ఏది, వాయించేది వేళ్లతోనా పిక్‌తోనా (తీగ మీటే చిన్న బిళ్ల) స్లాప్‌తోనా (బొటనవేలితో తీగను కొట్టి వాయించే పద్ధతి), చుట్టూ ఉండే వాయిద్యాలేమిటి.

మొదటి సంగతి తీగల సంఖ్యను తేలుస్తుంది. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా కింది స్వరం ఇ, సుమారు 41 హెర్ట్జ్. పదిలో ఒకటి రెండు పాటలే డి దాకా దిగుతుంటే, ఆ లావు తీగను రెండు ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీల) మేర వదులు చేసుకుంటే చాలు. నాలుగైదు పాటలు సి, బి దాకా దిగుతుంటేనే ఐదు తీగల బేస్ వైపు చూడండి. ఐదో తీగకు మూల్యం ఉంది. నెక్ వెడల్పవుతుంది, బరువు పెరుగుతుంది, వాయించని తీగలు మోగకుండా అణచిపెట్టే పని ఇంకొకటి మీద పడుతుంది. 'ఎందుకైనా మంచిది' అని ఐదు తీగలు కొన్నవాళ్లలో చాలామందికి ఆ ఐదోది బొటనవేలు ఆనించుకునే చోటుగా మిగులుతుంది.

మూడో సంగతి తేలికగా తీసేయకండి. పెద్ద సౌండుతో రెండు ఎలక్ట్రిక్ గిటార్లున్న బృందంలో నిలబడే బేస్ ఒకటి, గొంతూ కీబోర్డూ మాత్రమే ఉన్నచోట అందంగా వినిపించే బేస్ మరొకటి. రెంటికీ ఒకటే కావాలంటే మిడ్స్‌ను, అంటే మధ్య స్థాయి శ్రుతులను, మీ చేతిలో ఉంచే గిటార్ కావాలి. అక్కడికే వస్తున్నాం.

2. పికప్‌ల అమరిక: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

పికప్ అంటే తీగ కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగం, బ్రిడ్జ్ అంటే బాడీ మీద తీగలు ఆనే చోటు. సౌండ్‌లో సింహభాగాన్ని తేల్చేవి రెండు: పికప్ ఏ రకం, బ్రిడ్జ్‌కు ఎంత దూరంలో ఉంది. తీగ బ్రిడ్జ్ దగ్గర బిగువుగా, తక్కువ మేర ఊగుతుంది. అక్కడ పికప్ పెడితే మూల స్వరం తగ్గి, పై శ్రుతులు ముందుకొస్తాయి. సౌండ్ గట్టిగా, ముక్కుతో పాడినట్టు ఉంటుంది. నెక్ వైపు జరిపేకొద్దీ మూల స్వరం బలపడి, గుండ్రంగా, లావుగా వినిపిస్తుంది. మిగతా తేడాలన్నీ దీని తర్వాతే.

ప్రెసిషన్ తరహాలో పికప్ ఒక్కటే, కానీ రెండు ముక్కలుగా విడదీసి ఉంటుంది. 1957 నుంచి ఉన్న ఈ అమరికలో రెండు ముక్కల కాయిల్స్ (తీగచుట్టలు) ఒకదాని హమ్‌ను, అంటే కరెంటు రొదను, మరొకటి రద్దు చేస్తాయి. కింది మిడ్స్ దిట్టంగా ఉంటాయి. ఎంత గోలలోనైనా ఈ సౌండ్ తన చోటు తాను వెతుక్కుంటుంది. దీని పరిమితి కూడా అదే: ఏం చేసినా ప్రెసిషన్‌లానే ఉంటుంది.

1960లో వచ్చిన జాజ్ బేస్ తరహాలో రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు, రెండిటికీ విడివిడి వాల్యూమ్‌లు, ఉమ్మడిగా ఒక టోన్ నాబ్. రెండూ పూర్తిగా తెరిస్తే హమ్ పోతుంది, పైనా కిందా మెరిసి మధ్యలో చిన్న గుంట పడుతుంది. స్లాప్‌కు అది బాగా అమరుతుంది. బ్రిడ్జ్ పికప్ ఒక్కటే తెరిస్తే మిడ్స్ ఎగిసి, తీగ పాడుతున్నట్టుంటుంది. బేస్ వాద్యకారుడు జాకో పాస్టోరియస్ ఫ్రెట్లు తీసేసిన 1962 జాజ్ బేస్ మీద వినిపించింది ఈ రెండో దారి. మరో బేస్ వాద్యకారుడు మార్కస్ మిల్లర్ 1977 జాజ్ బేస్ మీద స్లాప్‌తో పట్టుకున్నది మొదటి దారి. ఇద్దరిదీ ఒకే మోడల్ అని తెలియకుండా వింటే నమ్మడం కష్టం. ఈ తరహా లోపం ఒకటే: ఒక పికప్‌నే వాడితే హమ్ వస్తుంది. ట్యూబ్ లైట్ల కింద, డిమ్మర్ల పక్కన ఇంకా ఎక్కువ. రెండిట్లో ఒకదాన్ని కొద్దిగా తగ్గించినా ఆ హమ్ కొంత తిరిగొస్తుంది.

మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే 1976లో తెచ్చిన దారి ఇంకోటి: బ్రిడ్జ్ వైపు ఒక పెద్ద హంబకర్ (హమ్ రద్దయ్యేలా రెండు కాయిల్స్ ఉన్న పికప్), లోపల బ్యాటరీతో నడిచే ప్రీఆంప్ (సిగ్నల్‌ను పెంచే సర్క్యూట్). మెరుపు, దూకుడు, హమ్ లేకపోవడం దీని బలాలు. మెత్తగా, పాతకాలం ధోరణిలో వాయించాల్సి వచ్చినప్పుడు మాత్రం దాన్ని బతిమాలుకోవాలి.

ఇక పి-జె అమరిక. నెక్ వైపు ప్రెసిషన్ పికప్, బ్రిడ్జ్ వైపు జాజ్ పికప్. కాగితం మీద ఇంతకన్నా ఆదర్శం లేదు. చేతిలోకి తీసుకున్నాక చూడాల్సింది సమతూకం. ప్రెసిషన్ పికప్ సహజంగా బలమైనది, జాజ్ పికప్ దాని ముందు తేలిపోతుంది. రెండూ కలిపినప్పుడు సౌండ్ ఏమీ మారనట్టుంటే, జాజ్ పికప్‌ను కాస్త పైకి, ప్రెసిషన్‌ను కాస్త కిందికి జరపమని అడగండి. స్క్రూలు తిప్పే పని, ఐదు నిమిషాలు పట్టదు. ఆ తర్వాత కూడా తేడా తెలియకపోతే ఆ గిటార్ వదిలేయండి.

నలుపు ప్లాస్టిక్ పెట్టెల్లాంటి సోప్‌బార్ పికప్‌ల విషయంలో ఆకారాన్ని నమ్మొద్దు. ఆ పెట్టె లోపల సింగిల్ కాయిల్ ఉండొచ్చు, హంబకర్ ఉండొచ్చు, ప్రెసిషన్ లాంటి జంట ముక్కలూ ఉండొచ్చు. ఏముందో అడిగి తెలుసుకోండి, లేదా ఒక్కో పికప్‌నూ విడిగా తెరిచి హమ్ వస్తుందో లేదో వినండి.

ఒకే ఒక్క బేస్‌తో సరిపెట్టుకోవాలంటే మా ఓటు రెండు జాజ్ పికప్‌లకు, లేదా సమతూకం కుదిరిన పి-జెకు. మీ జాబితాలో పెద్ద గిటార్ల హోరు ఎక్కువుంటే పి-జె. వేళ్లతో సన్నని పనితనం, స్లాప్ ఎక్కువుంటే జాజ్.

3. పాసివా, యాక్టివా?

పాసివ్ బేస్‌లో బ్యాటరీ ఉండదు. పికప్ నుంచి వాల్యూమ్, టోన్ నాబ్‌ల మీదుగా సిగ్నల్ నేరుగా కేబుల్‌లోకి వెళ్తుంది. టోన్ నాబ్ పైశ్రుతులను తగ్గించగలదు, పెంచలేదు. కేబుల్ మరీ పొడవైతే పై మెరుపు కొంత దారిలోనే పోతుంది. యాక్టివ్‌లో ప్రీఆంప్ ఉంటుంది కనుక బాస్ (కింది శ్రుతులు), ట్రెబుల్ (పై శ్రుతులు), కొన్నిట్లో మిడ్ కూడా పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. పొడవు కేబుల్ బాధ దాదాపు ఉండదు.

యాక్టివ్ తీసుకునేటట్టయితే మూడు షరతులు పెట్టుకోండి. ఒకటి, పాసివ్‌కు మార్చే స్విచ్ ఉండాలి. వేదిక మీద బ్యాటరీ అయిపోతే అలాంటి స్విచ్ లేని బేస్ మూగబోతుంది. రెండు, పాసివ్‌లో ఉన్నప్పుడు టోన్ నాబ్ పనిచేయాలి. కొన్నిట్లో టోన్ నాబే ఉండదు, అప్పుడు పాసివ్ స్విచ్ ఆపద్ధర్మానికి తప్ప సౌండ్ మార్చడానికి పనికిరాదు. మూడు, మిడ్ నాబ్ ఉండాలి. బాస్, ట్రెబుల్ మాత్రమే ఉంటే చెయ్యి ఊరుకోదు, రెండిటినీ పెంచుతుంది. మధ్యలో గుంట పడి, బృందంలో మీ బేస్ మాయమవుతుంది.

యాక్టివ్ బేస్‌లో కేబుల్ జాక్‌లో పెట్టగానే బ్యాటరీ వాడకం మొదలవుతుంది. వాయించినా వాయించకపోయినా అంతే. పని అయ్యాక కేబుల్ పీకేయాలి. గట్టిగా మీటినప్పుడు మాత్రమే సౌండ్ చీలి, పొడిపొడిగా వస్తుంటే పికప్‌లను అనుమానించే ముందు 9 వోల్టుల బ్యాటరీ మార్చి చూడండి.

4. స్కేల్, నెక్, చేతి కొలత

స్కేల్ అంటే నట్ (నెక్ తల దగ్గర తీగలు ఆనే గాళ్ల పట్టీ) నుంచి బ్రిడ్జ్ దాకా తీగ మోగే పొడవు. బేస్‌లలో వాడుకగా ఉన్నది 34 అంగుళాలు. 30 అంగుళాల పొట్టి స్కేల్‌లో అదే తీగ తక్కువ బిగువుతో పలుకుతుంది. వేళ్లకు హాయి, మూల స్వరం గుబురుగా, పై మెరుపు తక్కువగా ఉంటుంది. రెండో బేస్‌గా ముచ్చటైనది. అన్నిటికీ ఒక్కటే కావాలంటే 34 తీసుకోండి. చేతులు చిన్నవని వెనకాడేవాళ్లు పొట్టి స్కేల్ వైపు దూకేముందు నట్ వెడల్పు చూడాలి. జాజ్ తరహా నెక్ నట్ దగ్గర సుమారు 38 మిల్లీమీటర్లు, ప్రెసిషన్ తరహాలో సాధారణంగా 41 నుంచి 44 దాకా. ఈ మూడు నుంచి ఆరు మిల్లీమీటర్లు మొదటి నాలుగు ఫ్రెట్లలో చేతికి చాలా పెద్ద తేడా.

బ్రిడ్జ్ దగ్గర తీగకూ తీగకూ మధ్య దూరం నాలుగు తీగల బేస్‌లలో దాదాపు 19 మిల్లీమీటర్లు. ఐదు తీగల వాటిలో అది 16.5 దాకా తగ్గొచ్చు. స్లాప్ చేసేవాళ్లకు ఇరుకు తీగల మధ్య వేలు దూరదు. 24 ఫ్రెట్ల నెక్‌తో వచ్చే చిక్కు కూడా ఇలాంటిదే: ఫింగర్‌బోర్డ్ పొడవై, పికప్‌కు ముందు బొటనవేలు కొట్టుకునే ఖాళీ తగ్గిపోతుంది. 20 లేక 21 ఫ్రెట్లతో ఆగిపోయే బేస్‌ను తక్కువగా చూడకండి.

ఐదు తీగల బేస్ అయితే బి-తీగ పరీక్ష తప్పనిసరి. బి స్వరం సుమారు 31 హెర్ట్జ్. చాలా గిటార్లు అక్కడ గుడగుడమంటాయే గానీ స్వరం చెప్పవు. బి-తీగ మీద 5వ ఫ్రెట్ నొక్కితే వచ్చే ఇ, ఖాళీ (ఏ ఫ్రెట్టూ నొక్కని) ఇ-తీగ, రెండూ ఒకే స్వరం. ఒకదాని వెంట ఒకటి మీటండి. మొదటిది దుప్పటి కప్పుకున్నట్టు వినిపిస్తే అది కుదరని బేస్. తర్వాత ఖాళీ బి నుంచి ఒక్కో ఫ్రెట్ పైకి వెళ్తూ, ఏ స్వరమో చెవికి తెలుస్తోందా లేదా చూసుకోండి. 35 అంగుళాల స్కేల్ ఇక్కడ సాయపడుతుంది, అయితే నెక్ దృఢంగా ఉంటే 34లోనూ మంచి బి పలికిస్తారు. కొలత చూసి కాదు, విని తేల్చుకోండి.

5. బరువు, సమతూకం, చెక్క

బెల్టు తగిలించుకుని నిలబడి రెండు చేతులూ వదిలేయండి. నెక్ తల వైపు కిందికి వాలిపోతే దాన్ని నెక్ డైవ్ అంటారు. ఎడమచెయ్యి తీగలు నొక్కాలా, గిటార్‌ను మోయాలా తేల్చుకోలేక గంటలోపే అలసిపోతుంది. బాడీ పైకొమ్ము 12వ ఫ్రెట్ దాకా సాగి ఉంటే ఈ బాధ తక్కువ. కొద్దిగా వాలితే లోపలివైపు గరుకుగా ఉండే వెడల్పాటి తోలు బెల్టుతోనో, తేలికపాటి ట్యూనింగ్ కీలతోనో సర్దుకోవచ్చు. బరువు 3.5 నుంచి 4 కిలోల మధ్య ఉంటే హాయి. 4.5 దాటితే భుజం అడుగుతుంది.

చెక్క గురించి ఎన్ని పేర్లు చెప్పినా వినండి గానీ, దాని కోసం అదనంగా చెల్లించే ముందు ఆగండి. ఎలక్ట్రిక్ బేస్‌లో ఆల్డరా, యాషా, బాస్‌వుడ్డా అన్న తేడా కన్నా, మీరు తీగను మీటే చోటు రెండంగుళాలు మారితే వచ్చే తేడా ఎన్నో రెట్లు పెద్దది. చెక్క నిజంగా తేల్చేది బరువును, నెక్ దృఢత్వాన్ని.

6. కేబుల్ పెట్టకముందే చేయాల్సిన పరీక్ష

ఆంప్ (సౌండ్‌ను పెంచి వినిపించే యాంప్లిఫయర్) మోగుతుంటే లోపాలు దాక్కుంటాయి. అందుకే ముందు ఊరికే వాయించండి. శ్రుతి సరిచేసుకుని మొదలుపెట్టండి, శ్రుతి తప్పిన గిటార్ మీద తీసుకున్న కొలతలేవీ నిలబడవు.

నెక్ వంపు చూడటానికి ఇ-తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, నెక్ బాడీని కలిసే చోట ఉన్న ఫ్రెట్ దగ్గర మరో చేత్తో నొక్కి పట్టండి. ఇప్పుడు ఆ తీగే మీ రూళ్ల కర్ర. 7వ, 8వ ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఖాళీ సుమారు 0.3 మిల్లీమీటర్లుండాలి. ఒక విజిటింగ్ కార్డు దూరేంత. ఖాళీ అసలు లేకపోతే నెక్ వెనక్కి వంగింది. కార్డులు మూడు దూరుతుంటే ముందుకు బాగా వంగింది. రెండూ నెక్ లోపలి సర్దుబాటు కడ్డీ అయిన ట్రస్ రాడ్‌తో సరిదిద్దుకోగల లోపాలే, రాడ్ తిరుగుతున్నంత వరకు. అది తిరుగుతుందో లేదో అమ్మేవారి చేతే పావు చుట్టు తిప్పించి చూడండి. చివరి దాకా బిగించేసి, అయినా నెక్ ముందుకే వంగి ఉంటే ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.

మెలి తిరిగిన నెక్‌కు మందు లేదు. బాడీ చివర నుంచి ఒక కన్ను మూసి నెక్ వెంబడి చూడండి. పై ఫ్రెట్లూ కింది ఫ్రెట్లూ ఒకదానికొకటి సమాంతరంగా కనిపించాలి. నట్ ఒక వైపుకు ఒరిగినట్టుంటే మెలి ఉన్నట్టే. అదే చూపులో తీగల వరస కూడా చూసుకోండి. ఇ-తీగ, జి-తీగ ఫింగర్‌బోర్డ్ అంచుల నుంచి సమాన దూరంలో ఉండాలి. ఒకటి అంచు మీదికి జారినట్టుంటే నెక్ పక్కకు జరిగింది. బోల్టులతో బిగించిన నెక్ అయితే వదులు చేసి సరిపెట్టి మళ్లీ బిగించొచ్చు.

తీగల ఎత్తును 12వ ఫ్రెట్ దగ్గర కొలవాలి: ఫ్రెట్ పైభాగం నుంచి తీగ అడుగు దాకా. ఇ-తీగకు 2.4, జి-తీగకు 2 మిల్లీమీటర్లు అన్ని రకాల వాయింపుకూ సరిపడే కొలత. నట్ దగ్గర ఎత్తుకు మరో చిట్కా ఉంది. 3వ ఫ్రెట్ నొక్కి, 1వ ఫ్రెట్ మీద తీగ కింద చూడండి, వెంట్రుకంత సందు కనిపించాలి. ఏమీ లేకపోతే ఖాళీ తీగ జరజరలాడుతుంది. సందు ఎక్కువైతే మొదటి రెండు ఫ్రెట్లు నొక్కడానికి బలం కావాలి, శ్రుతి కూడా కాస్త పైకి పోతుంది.

ఇక అసలు పని: నాలుగు తీగల మీదా ప్రతి ఫ్రెట్ వాయించండి. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుంది గానీ, ఫ్రెట్లకు ఆ లెక్క పనికిరాదు. 20 ఫ్రెట్లు, 4 తీగలు, మొత్తం 80 స్వరాలు. ఐదు నిమిషాల పని. జరజర ఎక్కడ వస్తుందో గుర్తుపెట్టుకుంటే కారణం అదే చెబుతుంది. 1 నుంచి 5 దాకా ఫ్రెట్లలో వస్తే నెక్ మరీ తిన్నగా ఉందనో, వెనక్కి వంగిందనో. 12 దాటాక వస్తే తీగలు మరీ కిందికున్నాయి, లేదా నెక్ మొదలు దగ్గర ఉబ్బుంది. ఒకే ఒక్క ఫ్రెట్ దగ్గర వస్తే దానికి బ్రిడ్జ్ వైపున్న పక్క ఫ్రెట్ పైకి లేచింది. ఖాళీ తీగకు మాత్రమే వస్తే నట్ గాడి లోతెక్కువైంది. మొదటిదీ చివరిదీ తేలిక పనులు. ఉబ్బు ఉంటే ఫ్రెట్లు అరగదీయాల్సి రావచ్చు, ఆ ఖర్చు లెక్కలో వేసుకోండి.

జి-తీగ మీద 5 నుంచి 7వ ఫ్రెట్ దాకా ప్రత్యేకంగా ఆగండి. స్వరం మీటి, వదలకుండా నొక్కి ఉంచి మనసులో లెక్కపెట్టండి. పక్క స్వరాలు ఎనిమిది అంకెలు నిలిచి, అక్కడ ఒకటి మూడంకెలకే చచ్చిపోతుంటే దాన్ని డెడ్ స్పాట్ అంటారు. నెక్ తన సహజ కంపనంతో ఆ స్వరం శక్తిని లాగేసుకోవడం దీనికి కారణం. బోల్టుల నెక్ ఉన్న చాలా బేస్‌లలో ఎంతో కొంత ఉంటుంది. తల చివర చిన్న బరువు బిగిస్తే అది ఒకటి రెండు ఫ్రెట్లు పక్కకు జరుగుతుందే తప్ప పోదు. నిలిచే సమయం సగానికి తగ్గినా మామూలు వాయింపులో తెలియదు. మీటగానే తుస్సుమంటే మాత్రం ఆ గిటార్‌ను పక్కన పెట్టి అదే మోడల్‌లో ఇంకోటి తీయించుకోండి. ఒకే మోడల్ రెండు గిటార్లలో ఇది వేర్వేరుగా ఉంటుంది.

7. ఆంప్ పెట్టి వినడం

బేస్ ఆంప్‌లోనే వినాలి. మామూలు గిటార్ ఆంప్ కింది స్వరాలను మోయలేదు, స్పీకర్ పాడయ్యే ప్రమాదం కూడా ఉంది. ఆంప్ నాబ్‌లన్నీ మధ్యలో పెట్టి, ఎఫెక్టులు తీసేయండి. యాక్టివ్ బేస్ అయితే దాని ఈక్యూ (బాస్, మిడ్, ట్రెబుల్) నాబ్‌లు కూడా మధ్య గాటు దగ్గరే. ఆంప్‌ను గది మూల నుంచి ఇవతలికి లాగించండి. మూలలో ఏ బేస్ అయినా లావుగా వినిపిస్తుంది. మీరు రెండు మూడు మీటర్ల దూరంలో నిలబడండి.

రెండు గిటార్లను పోల్చేటప్పుడు రెండిటి వాల్యూమ్ చెవికి సమానంగా పెట్టడం మర్చిపోవద్దు. కాస్త గట్టిగా మోగేదే మంచిదనిపిస్తుంది, అది చెవి బలహీనత. ప్రతి గిటార్ మీదా ఒకటే ముక్క వాయించండి: కింది తీగ మీద నాలుగు నిలకడ స్వరాలు, పై తీగల మీద ఒక చిన్న పరుగు, రెండు ఖాళీ తీగలు. కొత్త గిటార్ పట్టగానే కొత్త ముక్క గుర్తొస్తుంది. దానికి లొంగితే మీరు పోల్చేది గిటార్లను కాదు.

అదే ముక్కను ఇప్పుడు మూడు చోట్ల మీటండి. నెక్ చివర దగ్గర, పికప్‌ల మధ్య, బ్రిడ్జ్‌కు ఆనుకుని. మంచి బేస్‌లో ఈ మూడూ మూడు గిటార్లలా వినిపించాలి. తర్వాత టోన్ నాబ్ పూర్తిగా మూసి, అరచేతి అంచును బ్రిడ్జ్ మీద తేలిగ్గా ఆనించి బొటనవేలితో మీటండి. డబుల్ బేస్‌కు దగ్గరగా, పొట్టిగా, గుండ్రంగా పలకాలి. అది కూడా బురదలా ఉంటే పికప్‌లలో పస లేదు. చివరగా పిక్‌తో, అన్నీ తెరిచి.

ఒంటరిగా వింటే లోతుగా, తళతళలాడుతూ, మధ్యలో ఖాళీగా ఉన్న సౌండే అందరికీ నచ్చుతుంది. అదే బృందంలోకి వెళ్లేసరికి కింది భాగాన్ని కిక్ డ్రమ్, పైభాగాన్ని సింబల్స్ తినేస్తాయి, బేస్‌కు చోటే ఉండదు. చిన్న స్పీకర్లలో అయితే 100 హెర్ట్జ్ లోపలిది దాదాపు వినపడదు. వినేవాళ్ల చెవి మీ స్వరాన్ని పట్టుకునేది దాని పై శ్రుతుల్లో, ముఖ్యంగా 200 నుంచి 1000 హెర్ట్జ్ మధ్య. అందుకే ఒక డ్రమ్ ట్రాక్, వీలైతే గిటార్ కూడా ఉన్న ట్రాక్ పెట్టించుకుని దాని మీద వాయించండి. ఒంటరిగా కాస్త మొరటుగా అనిపించిన గిటార్ అక్కడ రాజవుతుంది. జాజ్ తరహా బేస్ మరుగున పడుతుంటే ఒక పికప్ వాల్యూమ్‌ను రవ్వంత తగ్గించండి, మధ్యలో గుంట పూడి బేస్ ముందుకొస్తుంది.

తీగలు పాతవైతే ఈ పరీక్షలో సగం వృథా. మసకబారిన తీగలతో అన్ని గిటార్లూ ఒకేలా మొద్దుగా ఉంటాయి. మార్చమని అడగండి, కుదరకపోతే మెరుపు గురించి ఏ నిర్ణయానికీ రావద్దు.

వినడం అయ్యాక ప్రతి నాబ్‌ను నెమ్మదిగా మొత్తం తిప్పండి. గరగరలాడితే చాలాసార్లు లోపలి దుమ్మే, కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది. జాక్‌లో కేబుల్‌ను అటూ ఇటూ కదపండి, సౌండ్ తెగకూడదు. సింగిల్ కాయిల్ బేస్‌లో తీగలను ముట్టుకుంటే హమ్ తగ్గడం మామూలే, గ్రౌండ్ వైరు పనిచేస్తున్నట్టు అర్థం. ముట్టుకున్నప్పుడు పెరిగితే వైరింగ్‌లో తేడా ఉంది.

8. పాతది కొంటుంటే

పై పరీక్షలన్నీ ఇంకొంచెం కఠినంగా చేయండి. ఫ్రెట్ల మీద తీగల గాట్లు మొదటి ఐదు ఫ్రెట్లలో వెతకాలి. గోరు దిగేంత లోతుంటే అరగదీయించాలి. తల వెనుక, నట్ దగ్గర సన్నని గీత కనిపిస్తే అది రంగు పగులా చెక్క పగులా అన్నది కొంచెం వంచే ఒత్తిడితో తెలుస్తుంది, గీత తెరుచుకుంటే చెక్కే. బ్రిడ్జ్ సాడిల్స్ (తీగలు ఆనే చిన్న ముక్కల) స్క్రూలు తుప్పు పట్టి తిరగకపోతే ఇంటొనేషన్, అంటే నెక్ పొడవునా స్వరాలు శ్రుతిలో ఉండటం, సరిదిద్దలేరు. 12వ ఫ్రెట్ దగ్గర తేలిగ్గా తాకితే వచ్చే హార్మోనిక్, అదే ఫ్రెట్ నొక్కితే వచ్చే స్వరం ట్యూనర్‌లో ఒకటిగా చూపించాలి. నొక్కిన స్వరం పైకి పోతుంటే సాడిల్‌ను వెనక్కి జరపాలి. అప్పటికే చివరి దాకా వెనక్కి ఉంటే ఇక జరపడానికి చోటు లేదు, బ్రిడ్జ్ అమర్చిన చోటే తప్పు. పికప్‌లు మార్చారా అని అడగండి, మార్చి ఉంటే పాతవి కూడా ఇస్తారేమో కనుక్కోండి.

9. తెచ్చుకున్నాక

బడ్జెట్ మొత్తం గిటార్ మీదే పెట్టేయకుండా తీగలకు, సెటప్‌కు (నెక్, తీగలు, పికప్‌ల సర్దుబాటుకు) కొంత మిగుల్చుకోండి. మధ్యరకం బేస్‌ను చక్కగా సెటప్ చేయిస్తే, సెటప్ లేని ఖరీదైనదాని కన్నా హాయిగా వాయించుకోవచ్చు.

మొదట 45 నుంచి 105 కొలత (అంగుళంలో వెయ్యో వంతుల్లో మందం) నికెల్ రౌండ్‌వౌండ్, అంటే గుండ్రటి తీగ చుట్టిన, తీగలు వేయండి. ఐదు తీగలకైతే బి 130. స్టెయిన్‌లెస్ స్టీల్ తీగలు ఇంకా మెరుస్తాయి, వేళ్లకూ ఫ్రెట్లకూ గరుకు. చదును పట్టీ చుట్టిన ఫ్లాట్‌వౌండ్ తీగలు మెత్తగా, పాత సోల్ రికార్డుల ధోరణిలో పలుకుతాయి. మోటౌన్ అనే సోల్ రికార్డు సంస్థ స్టూడియోలో బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్‌సన్ తన 1962 ప్రెసిషన్ మీద వాడింది ఫ్లాట్‌వౌండ్ తీగలే. ఒకే బేస్‌తో అన్నీ వాయించాలనుకునేవారికి నికెల్ మేలు. టోన్ నాబ్ మూస్తే అది ఫ్లాట్‌వౌండ్‌కు దగ్గరవుతుంది, ఫ్లాట్‌వౌండ్‌కు మెరుపు తెప్పించే నాబ్ మాత్రం ఎక్కడా లేదు.

సెటప్‌లో వరస ముఖ్యం: కొత్త తీగలు, శ్రుతి, నెక్ వంపు, తీగల ఎత్తు, ఇంటొనేషన్, చివరగా పికప్ ఎత్తు. ట్రస్ రాడ్‌ను ఒక విడతకు పావు చుట్టుకు మించి తిప్పకండి. తిప్పాక శ్రుతి చేసి, నెక్ కుదురుకోవడానికి ఒక రాత్రి వదిలి మళ్లీ కొలవండి. ముందు తీగల ఎత్తు సరిచేసి తర్వాత వంపు సరిచేస్తే మొదటి పని మళ్లీ చేయాల్సి వస్తుంది.

పికప్ ఎత్తుకు చివరి ఫ్రెట్ నొక్కి పట్టి, తీగ అడుగుకూ పికప్‌కూ మధ్య కొలవండి. లావు తీగ వైపు 2.5 నుంచి 3 మిల్లీమీటర్లు, సన్న తీగ వైపు 2 నుంచి 2.5. దగ్గరగా ఉంటే సౌండ్ గట్టిగా వస్తుందని ఇంకా పైకి లేపితే అయస్కాంతం తీగను లాగి, పై ఫ్రెట్లలో స్వరం అలల్లా వణుకుతుంది. ఆ వణుకు వినిపిస్తే శ్రుతి కీలను తిప్పుతూ కూర్చోకుండా, లావు తీగ వైపు స్క్రూను అర చుట్టు దించి వినండి.